పాము విషానికి చెట్టు మందు: గాజు గొట్టంలో గెలిచే పసరు ఒంట్లో ఎందుకు ఓడుతోంది?

క్లుప్తంగా: కొన్ని మొక్కల సారాలు పాము విషంలోని కొన్ని భాగాలను ల్యాబ్‌లో అడ్డుకున్న మాట నిజం. అయితే ఆ ప్రయోగాల్లో ఎక్కువ భాగం విషాన్నీ మందునూ ముందే కలిపి చేసినవి. కాటు పడ్డాక ఒంట్లో జరిగే క్రమం వేరు. ఇప్పటివరకు మనుషుల్లో యాంటీవెనమ్ (ఆసుపత్రిలో ఇచ్చే విషం విరుగుడు ఇంజెక్షన్) స్థానాన్ని తీసుకోగలిగిన మొక్క మందు ఒక్కటీ లేదు. కొన్ని మొక్కలు కిడ్నీని, రక్తపోటును దెబ్బతీసి హాని కూడా చేస్తాయి. యాంటీవెనమ్ చేయలేని కొన్ని పనుల్లో మాత్రం మొక్కల నుంచి వచ్చే అణువులకు అవకాశం ఉంది.

తొలకరి పడి పొలం పనులు మొదలయ్యాయంటే పాముకాటు వార్తలు కూడా మొదలవుతాయి. వాటి వెంటే ఫోన్లలో వీడియోలు తిరుగుతాయి. ఫలానా వేరు అరగదీసి తాగిస్తే నాగుపాము విషం దిగిపోతుందని ఒకరు, ఫలానా ఆకు పసరు ముక్కులో పిండితే కట్లపాము కరిచినవాడు లేచి కూర్చుంటాడని ఇంకొకరు చెబుతారు. చివర్లో "దీన్ని సైంటిస్టులు కూడా నిరూపించారు" అనే మాట ఒకటి వస్తుంది. చదువుకున్నవాళ్లను సైతం తికమక పెడుతున్నది ఈ మాటే, ఎందుకంటే అది పూర్తిగా అబద్ధం కాదు. సుగంధిపాల, అత్తిపత్తి, వావిలి, ఉసిరి, చింతగింజ, ఈశ్వరి మీద మన దేశంలోని విశ్వవిద్యాలయాల్లోనే పరిశోధనలు జరిగాయి. మొక్క సారం విషం తీవ్రతను తగ్గించిందనే ఆ పత్రాల్లో రాసి ఉంది. మరి ఆ మందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఎందుకు దొరకదు?

ఈ ప్రశ్న వెనుక ఉన్న ప్రాణాల లెక్క చిన్నది కాదు. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో సుమారు 12 లక్షల మంది పాముకాటుతో చనిపోయారని 2020లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. అంటే ఏటా సగటున 58 వేల మంది. వీరిలో సగం మంది జూన్, సెప్టెంబరు నెలల మధ్యే చనిపోయారు. మరణాలు ఎక్కువగా ఉన్న ఎనిమిది రాష్ట్రాల జాబితాలో తెలంగాణతో కలిపి లెక్కించిన ఆంధ్రప్రదేశ్ ఉంది. అంతకుముందు 2011లో వచ్చిన మరో దేశవ్యాప్త అధ్యయనం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏటా 5,200 మరణాలుంటాయని చెప్పింది. పాముకాటుతో చనిపోయినవారిలో 77 శాతం మంది ఆసుపత్రి బయటే ప్రాణాలు వదిలారన్నది ఆ అధ్యయనంలో అన్నిటికంటే బాధ పెట్టే అంకె.

## విషం ఒక్కటి కాదు

"పాము విషానికి విరుగుడు" అన్నప్పుడు విషం ఏదో ఒక్క పదార్థమన్న భావన కలుగుతుంది. నిజానికి ఒక్కో పాము విషం పదుల రకాల ప్రొటీన్ల మిశ్రమం. ఒక్కొక్క ప్రొటీన్ ఒంట్లో ఒక్కో చోట దెబ్బ కొడుతుంది.

నాగుపాము విషంలోని ముఖ్యమైన ప్రొటీన్లు నరం నుంచి కండరానికి కబురు అందే చోట అడ్డం పడతాయి. తాళంకప్పలో వేరే తాళంచెవి దూరి ఇరుక్కుపోతే అసలు తాళంచెవి పట్టదు కదా, అలాంటిదే ఇది. ముందు కనురెప్పలు వాలతాయి, మింగడం కష్టమవుతుంది, ఆఖరికి ఊపిరి తీసే కండరాలు ఆగిపోతాయి. కాటు పడిన చోట కండ కుళ్లడం కూడా నాగుపాము కాటులో ఎక్కువే.

కట్లపాము పని ఇంకా లోతైనది. అది తాళంకప్ప దగ్గర ఆగదు, కబురు పంపే నరం చివరనే పాడుచేస్తుంది. ఆ కొన మళ్లీ మొలవాలంటే రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. అంతవరకు రోగిని వెంటిలేటర్ మీద నిలబెట్టాలి. నేల మీద పడుకున్నవాళ్లను రాత్రిపూట కరుస్తుంది, నొప్పి దాదాపు ఉండదు. తెల్లారి కడుపునొప్పి అంటారు, కాసేపటికి కళ్లు తెరవలేరు.

రక్తపింజరి, ఇసుక పింజరి దారి వేరు. వీటి విషం రక్తంలో గడ్డకట్టే వ్యవస్థను ఒక్కసారిగా లేపుతుంది. గడ్డకట్టడానికి ఉన్న సరుకంతా అలా ఖర్చయిపోతే తర్వాత రక్తం కారడమే తప్ప ఆగడం ఉండదు. రక్తపింజరి కాటులో కిడ్నీలు దెబ్బతినడం మామూలు.

ఒకే ఆకు పసరు ఈ నాలుగింటికీ పనిచేస్తుందని ఎవరైనా చెబితే, వేర్వేరు చోట్ల వేర్వేరు పనులు చేసే ఇన్ని ప్రొటీన్లను ఆ ఒక్క పసరు ఎలా పట్టుకుంటుందో కూడా చెప్పాలి.

## గుర్రం నెత్తురులోంచి వచ్చే మందు

యాంటీవెనమ్ ఆ పనిని ఎలా చేస్తుందో తెలిస్తే పోలిక సులువవుతుంది. 1890ల్లో ఫ్రెంచి శాస్త్రవేత్త ఆల్బర్ట్ కాల్మెట్ తొలి యాంటీవెనమ్‌ను తయారు చేశాడు. అసలు పద్ధతి ఇప్పటికీ అదే. గుర్రానికి విషాన్ని కొద్ది కొద్దిగా ఎక్కిస్తారు. దాని ఒళ్లు ఆ విషంలోని ఒక్కో ప్రొటీన్‌కూ యాంటీబాడీలు తయారు చేసుకుంటుంది. వాటిని రక్తంలోంచి వేరుచేసి, శుద్ధి చేసి, పొడిగా మార్చి సీసాలకెత్తుతారు. మన దేశంలో దొరికే యాంటీవెనమ్ పైన చెప్పిన నాలుగు పాములకూ కలిపి చేసినది. హైదరాబాద్‌లోని విన్స్ బయోప్రొడక్ట్స్, బయొలాజికల్ ఇ కూడా ఈ మందును తయారు చేస్తాయి. దీనికి కావలసిన విషంలో ఎక్కువ భాగం చెన్నై దగ్గర వడనెమ్మేలిలో 1978లో మొదలైన ఇరుళ తెగ పాములవాళ్ల సహకార సంఘం నుంచి వస్తోంది. తరతరాలుగా అడవి మూలికలు తెలిసిన ఇరుళలే ఆసుపత్రి మందుకు ముడిసరుకు అందిస్తున్నారన్నది గుర్తుంచుకోవలసిన విషయం.

యాంటీవెనమ్‌కు ఒక కొలత ఉంది. ఒక మిల్లీలీటరు మందు నాగుపాముదైనా రక్తపింజరిదైనా 0.6 మిల్లీగ్రాముల విషాన్ని, కట్లపాము, ఇసుక పింజరిలదైతే 0.45 మిల్లీగ్రాముల విషాన్ని అణచాలి. ఒక సీసా 10 మిల్లీలీటర్లు, అంటే 6 మిల్లీగ్రాముల రక్తపింజరి విషానికి సరిపోతుంది. రక్తపింజరి ఒక కాటులో సగటున 63 మిల్లీగ్రాములు దింపుతుందని లెక్క. మొదటి విడతలోనే 8 నుంచి 10 సీసాలు ఎక్కించడానికి కారణం ఇదే. పిల్లలకూ అదే మోతాదు, ఎందుకంటే పాము మనిషి వయసు చూసి విషం తగ్గించదు.

మందు పనిచేసిందో లేదో తెలుసుకునే పరీక్ష కూడా చాలా తేలిక. శుభ్రమైన, పొడిగా ఉన్న గాజు గొట్టంలో రోగి రక్తం 2 మిల్లీలీటర్లు తీసి, కదపకుండా 20 నిమిషాలు నిలబెడతారు. తర్వాత ఒక్కసారి వంచుతారు. రక్తం గడ్డగా నిలిస్తే గడ్డకట్టే శక్తి ఉన్నట్టు. నీళ్లలా జారితే పింజరి విషం ఇంకా పనిచేస్తున్నట్టు. ప్లాస్టిక్ గొట్టం పనికిరాదు, గాజే కావాలి. పల్లెల్లో దీనికి బదులు మిరపకాయో వేపాకో నమిలిస్తారు. కారం, చేదు తెలిస్తే విషం ఎక్కలేదని ఊరట చెందుతారు. రక్తపింజరి కరిచినవాళ్లకు నాలుక రుచి బాగానే తెలుస్తుంది. అదే సమయంలో వాళ్ల రక్తం గాజు గొట్టంలో నీళ్లలా జారుతూ ఉండవచ్చు.

## ల్యాబ్‌లో నిజంగా ఏం తేలింది

ఇక మొక్కల సంగతి. కోల్‌కతాలో ఆంటొనీ గోమ్స్ బృందం సుగంధిపాల వేరు నుంచి ఒక ఆమ్లాన్ని వేరుచేసి, పింజరి విషం కలిగించే రక్తస్రావాన్ని అది తగ్గిస్తుందని ఎలుకల్లో చూపింది. ఆ బృందమే 2003లో వావిలి, ఉసిరి వేళ్ల సారాలు రక్తపింజరి విషాన్ని, ఒక రకం నాగుపాము విషాన్ని అడ్డుకున్నాయని ప్రకటించింది. మైసూరు విశ్వవిద్యాలయ పరిశోధకులు 2006లో చింతగింజ సారాన్ని రక్తపింజరి విషం మీద పరీక్షించి మంచి ఫలితం చూశారు. అత్తిపత్తి వేరు సారం నాగుపాము విషం మీద కొంత పనిచేసిందని 2001లో మరో పత్రం వచ్చింది. ఇవన్నీ నిజాయతీగా చేసిన పనులే. చిక్కంతా వాటి నుంచి జనం ఏం అర్థం చేసుకున్నారన్న దగ్గర వచ్చింది.

ఇలాంటి ప్రయోగాల్లో చాలావాటి పద్ధతి ఒకటే. విషాన్ని, మొక్క సారాన్ని ఒకే గొట్టంలో కలిపి, ఒంటి వేడికి సమానమైన 37 డిగ్రీల దగ్గర అరగంట ఉంచుతారు. ఆ మిశ్రమాన్ని ఎలుకకు ఎక్కిస్తారు. ఎలుక బతికితే సారం విషాన్ని అణచినట్టు లెక్క. అంటే విషం ఒంట్లోకి పోకముందే మందు దాన్ని కలుసుకుంది, అది కూడా పారిపోవడానికి దారి లేని గొట్టంలో. మనిషికి జరిగేది దీనికి తిరగబడిన క్రమం. ముందు విషం లోపలికి పోతుంది. నరాల కొనలకు, రక్తనాళాల గోడలకు అంటుకుంటుంది. ఎన్నో నిమిషాల తర్వాత మందు వస్తుంది.

యాంటీవెనమ్ నాణ్యతను కొలిచేటప్పుడు కూడా ఇదే పద్ధతి వాడతారు, ఈ మాట దాచనవసరం లేదు. అయితే యాంటీవెనమ్ అక్కడితో ఆగిపోలేదు. వందేళ్లకు పైగా రోగుల్లో దాని పని కనబడుతోంది, మోతాదు తేలింది, దుష్ఫలితాలు నమోదయ్యాయి. మొక్క సారాల్లో ఎక్కువ భాగం మొదటి మెట్టు మీదే ఉండిపోయాయి.

మొదటి మెట్టు మీదే ఉన్న మరో ఉచ్చు గురించి కాస్త వివరంగా చెప్పాలి. పచ్చి జామకాయో కరక్కాయో కొరికితే నోరు పీక్కుపోయినట్టవుతుంది. వాటిలోని టానిన్లు లాలాజలంలోని ప్రొటీన్లను పట్టి ముద్దలు చేయడం వల్ల అలా అనిపిస్తుంది. తోళ్లు పదును చేయడానికి తంగేడు చెక్క వాడేది కూడా ఆ గుణం కోసమే. చింతగింజ పొట్టు, వేళ్లు, బెరళ్లలో టానిన్లు దండిగా ఉంటాయి. విషం కూడా ప్రొటీనే కనుక, గొట్టంలో టానిన్ తగిలితే అది కూడా ముద్దకట్టి పనిచేయడం మానేస్తుంది. ఫలితం చూడ్డానికి అద్భుతంగా ఉంటుంది. కానీ టానిన్‌కు విషం ప్రొటీన్ ఏదో మన ప్రొటీన్ ఏదో తెలియదు. అది ఒంట్లోకి పోతే ముందు తగిలేది మన రక్తంలో కుప్పలుగా ఉన్న ప్రొటీన్లే. నోటితో తాగితే కడుపులోని ఆహారంతోనే చాలావరకు అంటుకుపోతుంది, రక్తంలోకి చేరేది స్వల్పం. అందువల్ల ఒక సారం విషాన్ని అణచిందని చదివినప్పుడు టానిన్లు తీసేశాక కూడా అణచిందా అని అడగాలి. ఈ ప్రశ్నకు జవాబున్న పత్రాలు తక్కువ.

## ఈశ్వరి వేరు: మందూ నిజమే, విషమూ నిజమే

టానిన్ల మాయ కాకుండా, అసలైన అణువు ఒకటి నిజంగా దొరికిన కథ ఈశ్వరిది. ఈశ్వరి వేరు దగ్గర ఉంటే పాము రాదన్న నమ్మకం దక్షిణాదిలో పాతది. దాని చుట్టమే గాడిదగడపాకు. ఈ జాతి మొక్కల్లో అరిస్టొలోకిక్ ఆమ్లం ఉంటుంది. రక్తపింజరి విషంలో ఫాస్ఫొలైపేజ్ అనే ఎంజైమ్ ఒకటి కణాల పొరలను కొరికి వాపును, కండకు దెబ్బను కలిగిస్తుంది. మైసూరులో 1987లో జరిగిన పరిశోధన ఈ ఆమ్లం ఆ ఎంజైమ్‌ను అడ్డుకుని వాపును తగ్గిస్తుందని చూపింది. 2002లో ఢిల్లీ ఎయిమ్స్ పరిశోధకులు ఆ రెండూ కలిసి ఉన్న స్ఫటికాన్ని తయారుచేసి, ఆమ్లం ఎంజైమ్‌లోని ఏ గాడిలో కూర్చుంటుందో పరమాణువులతో సహా చూపించారు. మొక్క మందుకు ఇంతకంటే గట్టి సాక్ష్యం అరుదు.

ఇప్పుడు రెండో వైపు. 1990ల మొదట్లో బెల్జియం రాజధాని బ్రసెల్స్‌లో సన్నబడటానికి మాత్రలు వాడిన ఆడవాళ్లకు వరుసగా కిడ్నీలు పాడవడం మొదలైంది. 1993లో ఈ సంగతి వైద్య పత్రికలో వచ్చింది. మాత్రల్లో వేయవలసిన ఒక చైనా మూలికకు బదులు పొరపాటున ఈశ్వరి జాతి మొక్క కలిసిందని తేలింది. కిడ్నీలు పోయినవారిలో 39 మందికి ముందుజాగ్రత్తగా ఆపరేషన్ చేసి చూస్తే, 18 మందికి మూత్రనాళాల్లో క్యాన్సర్ ఉంది. బాల్కన్ దేశాల్లో డాన్యూబ్ నది పరీవాహక గ్రామాల్లో తరతరాలుగా కనిపించిన కిడ్నీ జబ్బుకు కూడా మూలం ఇదే. గోధుమ పొలాల్లో కలుపుగా పెరిగే ఈ జాతి మొక్క గింజలు పిండిలో కలిసేవి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2002లో ఈ మొక్కలను మనుషులకు క్యాన్సర్ కలిగించేవిగా ప్రకటించింది. ఈ ఆమ్లం కిడ్నీ కణాల డీఎన్ఏకు అంటుకుని అక్కడే ఏళ్ల తరబడి ఉండిపోతుంది.

ఇప్పుడు ఈ రెండు ముక్కలను పక్కపక్కన పెట్టి చూడాలి. రక్తపింజరి కాటు ప్రాణం తీసే దారుల్లో కిడ్నీ దెబ్బతినడం ముఖ్యమైనది. అలాంటి రోగికి కిడ్నీని దెబ్బతీసే ఆమ్లం ఉన్న వేరును అరగదీసి తాగిస్తున్నారు. వాపు కాస్త తగ్గినట్టు కనిపిస్తే మందు పట్టిందని ఇంట్లోవాళ్లు నమ్ముతారు. మూత్రం తగ్గడం రెండో రోజుకో మూడో రోజుకో గాని బయటపడదు. "ఆకే కదా, ఏం నష్టం" అన్న మాట ఎంత ప్రమాదమో ఈ ఒక్క మొక్క చాలు చెప్పడానికి.

## పేరులో పాము, పనిలో రక్తపోటు

సర్పగంధి పేరే దాన్ని పాము మందుల జాబితాలో చేర్చింది. ఈ వేరు గురించి 1931లో కలకత్తా వైద్యులు గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ రాశారు. రక్తపోటును దించుతుందని, మతి చలించినవారిని శాంతపరుస్తుందని చెప్పారు. 1949లో బొంబాయి హృద్రోగ వైద్యుడు రుస్తుం వకీల్ దాన్ని పాశ్చాత్య వైద్యుల దృష్టికి తెచ్చాడు. 1952లో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీ దాని నుంచి రిసర్పిన్‌ను వేరుచేసింది. ప్రపంచానికి దొరికిన తొలితరం బీపీ మందుల్లో అది ఒకటి.

ఒక నాటు మందు ఆధునిక వైద్యాన్ని మార్చిన గొప్ప ఉదాహరణ ఇది. పాముకాటుకు మాత్రం ఇది ఉదాహరణ కాదు. రక్తపింజరి కాటులో రక్తనాళాల్లోంచి ద్రవం బయటికి కారి బీపీ పడిపోతుంది. అప్పుడు బీపీని దించే వేరు ఇవ్వడం పడిపోతున్నవాడిని తోయడమే. భయంతో గుండె దడదడలాడుతున్న రోగి, వేరు తాగాక మత్తుగా శాంతించడం చూసి "విషం దిగింది" అనుకోవడానికి వీలుంది. సర్పగంధికి పాముకాటు మందుగా పేరు అలా కూడా వచ్చి ఉండవచ్చు.

## దురదగొండి గింజ: కాటుకు ముందు

మొక్కల్లో అన్నిటికంటే ఆలోచింపజేసేది దురదగొండి. నైజీరియాలోని ప్లాటో ప్రాంతంలో కొందరు ఈ గింజలను నమలకుండా మింగుతారు. ఏడాదిపాటు పాముకాటు నుంచి కాపు ఉంటుందని వాళ్ల నమ్మకం. అక్కడి పింజరి జాతి విషం మీద శాస్త్రవేత్తలు దీన్ని పరీక్షించారు. మూడు వారాల ముందు గింజల సారం ఎక్కించిన ఎలుకలు తర్వాత విషాన్ని తట్టుకున్నాయి. గింజలోని ఒక గ్లైకోప్రొటీన్ ఆకారం విషంలోని కొన్ని ప్రొటీన్ల ఆకారానికి దగ్గరగా ఉండటం దీనికి కారణమని వివరించారు. ఎలుక ఒళ్లు గింజ ప్రొటీన్‌కు యాంటీబాడీలు తయారు చేసుకుంటే, అవే విషాన్నీ పట్టుకున్నాయి. ఒక విధంగా ఇది టీకా లాంటిది.

ఆ వారాల వ్యవధి వల్లే ఇది కాటుకు మందు కాలేదు. కాటు పడ్డాక ఇస్తే యాంటీబాడీలు తయారయ్యేవరకు రోగి ఆగలేడు. పైగా ఎలుకకు సూదితో ఎక్కించడం వేరు, మనిషి గింజ మింగడం వేరు. ప్రొటీన్లు కడుపులో అరిగిపోతాయి. ఈ గింజల్లో మెదడు మీద పనిచేసే ఎల్-డోపా అనే రసాయనం కూడా ఎక్కువగా ఉంటుంది, మోతాదు మించితే వాంతులు, మతి తప్పడం వంటి ఇబ్బందులు వస్తాయి.

## "పసరుతో బతికారు కదా?"

ఇంత చెప్పాక కూడా ఊళ్లో ఒక మాట మిగులుతుంది. ఫలానా ఆయన పసరు పోశాడు, పదిమంది బతికారు. ఆ పదిమంది బతికిన మాట నిజమే అయి ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా సుమారు 54 లక్షల పాముకాట్లు జరిగితే, విషం ఎక్కేది 18 నుంచి 27 లక్షల మందికే. సగమో అంతకంటే ఎక్కువో కాట్లలో విషం ఎక్కదు. జెర్రిపోతుకు, నీరుకట్టెకు విషమే లేదు. చీకట్లో కరిచిన పామును ఎవరు గుర్తుపట్టారు? నాగుపాము సైతం ఒక్కోసారి విషం దింపకుండా కరుస్తుంది. కాబట్టి ఏమీ ఇవ్వకపోయినా సగం మంది లేచి నడుస్తారు. పసరు పోస్తే ఆ సగం పేరు పసరుకు వస్తుంది.

మిగిలిన సగంలో పరిస్థితి విషమించినవాళ్లను ఆఖరి నిమిషంలో ఆసుపత్రికి తీసుకెళ్తారు. అక్కడ చనిపోతే "ఆసుపత్రిలో పోయాడు" అంటారు. బతికినవాళ్లు పసరు ఖాతాలో, పోయినవాళ్లు ఆసుపత్రి ఖాతాలో పడుతున్న ఈ లెక్క మారనంతకాలం ఏ నాటు వైద్యుడి అనుభవమూ సాక్ష్యంగా నిలవదు. వైద్యుడు మోసగాడు కానక్కరలేదు. అతను కళ్లారా చూసినది అతన్నే తప్పుదారి పట్టిస్తుంది.

పసరు పోయడంలోనే ఒక నేరుగా వచ్చే ప్రమాదం ఉంది. నాగుపాము, కట్లపాము విషం గొంతు కండరాలను పట్టేస్తే రోగి మింగలేడు. అప్పుడు నోట్లోనో ముక్కులోనో పోసిన పసరు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బిగించి కట్టే తాడు, బ్లేడుతో పెట్టే గాట్లు చేసే నష్టం సరేసరి. రక్తం గడ్డకట్టని స్థితిలో పెట్టిన గాటు ఆగకుండా కారుతుంది.

## ఆసుపత్రిలో ఉన్న చెట్ల మందులు

ఆధునిక వైద్యానికి మొక్కలంటే గిట్టదన్న ఆరోపణ ఇక్కడ నిలబడదు. నాగుపాము కాటుతో కనురెప్పలు వాలిన రోగికి యాంటీవెనమ్‌తో పాటు నియోస్టిగ్మిన్ అనే ఇంజెక్షన్ ఇస్తారు. నరం పంపే కబురు త్వరగా చెరిగిపోకుండా అది ఆపుతుంది. కబురు ఎక్కువసేపు నిలిస్తే ఖాళీగా మిగిలిన తాళాలకైనా అందుతుంది. మందు పట్టినవారిలో వాలిన రెప్పలు కొద్ది నిమిషాల్లో పైకి లేస్తాయి. ఈ మందుకు నమూనా పశ్చిమ ఆఫ్రికాలోని కలబార్ చిక్కుడు గింజలో దొరికిన ఫైసోస్టిగ్మిన్. అక్కడ నేర విచారణలో విషపరీక్షకు ఆ గింజను వాడేవాళ్లు. నియోస్టిగ్మిన్‌తో కలిపి ఇచ్చే అట్రోపిన్ బెల్లడోనా మొక్క నుంచి వచ్చింది. అంటే పాముకాటు వార్డులో చెట్ల మందులు దశాబ్దాలుగా ఉన్నాయి. మిల్లీగ్రాముల్లో కొలిచి, ఏ పాముకు పనిచేస్తాయో, ఏ పాముకు చేయవో తెలుసుకుని వాడుతున్నారు. నరం కొననే చెడగొట్టే కట్లపాము కాటుకు నియోస్టిగ్మిన్ పెద్దగా ఉపయోగపడదు.

## పరిశోధన ఎటు పోతే మేలు

యాంటీవెనమ్‌లోనూ లోపాలున్నాయి. అది సూది ద్వారానే ఎక్కాలి, అలెర్జీ వస్తే సంభాళించే వైద్యుడు దగ్గర ఉండాలి. కాటు పడిన చోట కండ కుళ్లడాన్ని అది సరిగా ఆపలేదు, ఎందుకంటే యాంటీబాడీల వంటి పెద్ద అణువులు వాచిన కండలోకి వేగంగా చొరబడలేవు. ఒకే జాతి పాము విషం కూడా ప్రాంతాన్ని బట్టి మారుతుందని, ఒకచోటి విషంతో చేసిన మందు మరోచోట తక్కువగా పనిచేయవచ్చని బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ పరిశోధనలు చూపించాయి.

చిన్న అణువులకు అవకాశం ఈ ఖాళీల్లోనే ఉంది. ఈశ్వరి ఆమ్లం పట్టుకున్న ఫాస్ఫొలైపేజ్ ఎంజైమ్‌నే లక్ష్యంగా చేసుకున్న వారెస్‌ప్లాడిబ్ అనే కృత్రిమ మందును మన దేశంలోనూ అమెరికాలోనూ పాముకాటు రోగుల మీద పరీక్షించారు. మాత్రగా మింగగలగడం దీని అసలు ఆకర్షణ, ఎందుకంటే ఊళ్లోనే మొదటి మోతాదు వేసి ఆసుపత్రికి బయలుదేరవచ్చు. 2024లో వచ్చిన ఫలితాల్లో ప్రధాన లక్ష్యం నెరవేరలేదు. కాటు పడిన ఐదు గంటల్లోపు మొదలుపెట్టినవారిలో మాత్రం మేలు జరిగిన సూచనలు కనిపించాయి. కోట్ల రూపాయలు పెట్టి, ఒకే అణువును శుద్ధిచేసి, మోతాదు తేల్చిన మందు పరిస్థితే ఇలా ఉంటే, కొలత లేని కషాయం ఎంత దూరం నడవాలో ఊహించవచ్చు.

మలేరియాకు ఆర్టెమిసినిన్ మొక్క నుంచే వచ్చింది కదా అని అడగవచ్చు. 2015లో నోబెల్ అందుకున్న టూ యూయూ బృందం పాత చైనా వైద్య గ్రంథం నుంచి మొక్క పేరు తీసుకుంది. తర్వాత తక్కువ వేడిలో ఈథర్‌తో సారం తీసి, అందులోని ఒక్క అణువును పట్టుకుంది. అక్కడ మందు ఒకే పరాన్నజీవి మీద, కొన్ని రోజుల వ్యవధిలో పనిచేస్తే చాలు. ఇక్కడ పదుల ప్రొటీన్లు, వ్యవధి గంటల్లోనే. అందుకని పాముకాటుకు మొక్క అణువు మీద పెట్టవలసిన ఆశ కూడా చిన్నదిగా, కచ్చితంగా ఉండాలి. సుగంధిపాల ఆమ్లమో, గుంటగలగరలోని వెడెలోలాక్టోనో, యాంటీవెనమ్ ఎక్కిన రోగిలో కండ కుళ్లడాన్ని తగ్గిస్తుందా? కిడ్నీకి తగిలే దెబ్బను తగ్గిస్తుందా? ప్రశ్న ఇలా ఉంటే పరీక్షకు నిలుస్తుంది. ఎలుకకు ముందు విషం ఎక్కించి, గంట ఆగి, తర్వాతే మందు ఇవ్వాలి. అందులో నెగ్గితే రోగులందరికీ యాంటీవెనమ్ ఇస్తూ, సగం మందికి అదనంగా ఆ అణువు ఇచ్చి పోల్చాలి. ఎవరికీ యాంటీవెనమ్ ఆపనవసరం లేదు కనుక ఇలాంటి పరీక్షలో నైతిక అభ్యంతరాలూ తక్కువ.

కేంద్ర ప్రభుత్వం 2024 మార్చిలో పాముకాటు నివారణకు జాతీయ కార్యాచరణ ప్రణాళికను విడుదల చేసింది. 2030 నాటికి మరణాలను సగానికి తగ్గించడం దాని లక్ష్యం. అదే ఏడాది నవంబరులో పాముకాటును తప్పనిసరిగా నమోదు చేయవలసిన జబ్బుల్లో చేర్చాలని రాష్ట్రాలను కోరింది. ఈ నమోదు సరిగా జరిగి, ఆ పత్రంలో కాటు ఎన్నింటికి పడింది, ఆసుపత్రికి ఎన్నింటికి వచ్చారు, దారిలో ఏ వేరు తాగించారు, వచ్చిన వెంటనే గాజు గొట్టంలో రక్తం గడ్డకట్టిందా అన్న నాలుగు గడులు ఉంటే, ఏ పసరు ఎంతమందికి మేలు చేసిందో, ఎంతమందికి ఆలస్యం చేసిందో మొదటిసారి అంకెల్లో కనబడుతుంది.